వాయుమండల లిపిని చదివిన జాన్సెన్

తర్కశాస్త్రం వాయువును రూపం లేనిదిగా, స్పర్శ చేత తెలియదగినదిగా నిర్వచించింది. భూమి, నీరు, నిప్పు కంటికి కనిపిస్తాయి. గాలి కనిపించదు. కనిపించని దానిలో ఏ పదార్థాలు ఉన్నాయి? ఏది ఎంత పాలు ఉంది? కాలక్రమంలో ఏది పెరుగుతున్నది, ఏది తరుగుతున్నది? మానవుడు తన పనుల వల్ల దానిలో కొత్తగా ఏమి కలుపుతున్నాడు? పందొమ్మిదో శతాబ్దిలో ఈ ప్రశ్నలకు మార్గం చూపిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు పియర్ జూల్ సీజర్ జాన్సెన్. ఫ్రాన్సు దేశీయుడైన ఈ శాస్త్రవేత్త జీవితంలోని ప్రధాన ఘట్టం మన కృష్ణా మండలంలో, గుంటూరు పట్టణంలో జరిగింది. సూర్యుని పరిశీలించిన పండితుడుగా ఆయనకు లోకంలో ప్రసిద్ధి కలిగింది. అయితే సూర్యకాంతి మన కంటికి చేరేలోగా భూమిపైని గాలి దాని మీద వేసే ముద్రను గుర్తించి, వివరించి, నిరూపించడం ఆయన జీవితమంతా సాగిన కృషి.

బాల్యం, విద్య

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో జరిగిన ప్రమాదం వల్ల ఆయన కాలు అవిటిదైంది. జీవితాంతం కుంటుతూనే నడవవలసి వచ్చింది. తోటి బాలుర వలె క్రమంగా పాఠశాలకు వెళ్లే భాగ్యం కలగలేదు. కుటుంబం ఆర్థికంగా చితికిపోవడంతో పదహారేళ్ల ప్రాయంలోనే ఒక బ్యాంకులో ఉద్యోగానికి కుదిరాడు. పగలు జమాఖర్చులు చూసుకుంటూ, తీరిక వేళల్లో చదువుకుంటూ, 1852లో గణితశాస్త్రంలో పట్టా పొందాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది సంవత్సరాలు.

1857లో భూమి అయస్కాంత రేఖల పరిశీలన కోసం దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్లాడు. అక్కడి అడవులలో తీవ్రంగా జబ్బుపడి తిరిగివచ్చాడు. ఆ తరువాత ఇనుము, ఉక్కు కర్మాగారాలు గల ఒక సంపన్న కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడయ్యాడు. ఆ కొలువే ఆయనకు పరిశోధనా మార్గాన్ని చూపింది. కొలిమిలో కరిగి ధగధగలాడే లోహాన్ని చూస్తున్నప్పుడు ముఖం వేడికి కమిలిపోతున్నా కంటి లోపల అంత బాధ కలగడం లేదన్న విషయం ఆయన గమనించాడు. కారణం వెదకగా, కంటిలోని ద్రవాలు వెలుగును లోపలికి పోనిచ్చి, వేడిని మోసుకువచ్చే అదృశ్య కిరణాలను తమలోనే ఇముడ్చుకుంటాయని తేలింది. ఈ విషయం మీద సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి 1860లో ఆయనకు డాక్టరేటు లభించింది.

ఇంచుమించు అదే కాలంలో, 1859లో, ఇంగ్లండులో జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్ వాయువులు కూడా వేడి కిరణాలను పీల్చుకుంటాయని ప్రయోగపూర్వకంగా చూపాడు. కంటికి నీరు చేసే పనినే భూమికి వాయుమండలం చేస్తున్నది. పగటి వెలుగును లోపలికి రానిస్తుంది. భూమి నుండి తిరిగి పోయే వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. ఈ వాయువులే లేకపోతే భూమి మంచుగడ్డగా మారేది. మితిమీరితే ఏమవుతుందన్న ప్రశ్న అప్పటికి ఎవరినీ అంతగా వేధించలేదు.

వెలుగులోని నల్లని గీతలు

సూర్యకాంతిని గాజు పట్టకం గుండా ప్రసరింపజేస్తే అది ఏడు రంగుల పట్టీగా విచ్చుకుంటుంది. దీనికే వర్ణపటమని పేరు. 1814లో జర్మనీ దేశీయుడు ఫ్రాన్‌హోఫర్ ఈ పట్టీలో అడ్డంగా వందలాది సన్నని నల్లని గీతలు ఉన్నట్లు గుర్తించాడు. 1859, 1860 సంవత్సరాలలో కిర్చాఫ్, బున్సెన్ అనే పండితులు వాటి మర్మాన్ని విప్పిచెప్పారు. ప్రతి మూలకం తనకు మాత్రమే చెందిన కొన్ని రంగులను పీల్చుకుంటుంది. ఆ రంగులు ఉండవలసిన చోట నల్లని గీతలు ఏర్పడతాయి. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు, గీతను బట్టి పదార్థాన్ని గుర్తించవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సూర్యుని వెలుగు మన కంటికి చేరేలోగా రెండు వాయుమండలాలను దాటుతుంది. మొదటిది సూర్యునిది, రెండవది భూమిది. ఏ గీత సూర్యునిలో పుట్టింది? ఏ గీత మన గాలిలో పుట్టింది? ఈ రెంటినీ వేరు చేయకపోతే గాలిలో ఉన్నదానిని సూర్యునికి, సూర్యునిలో ఉన్నదానిని గాలికి అంటగట్టే ప్రమాదం ఉంది. సూర్యుడు దిగంతాన ఉన్నప్పుడు వర్ణపటంలో కొన్ని నల్లని పట్టీలు అదనంగా కనిపిస్తాయని 1833లోనే బ్రూస్టర్ గమనించాడు. జాన్సెన్ 1862లో తన ఇంటి మీదనే చిన్న పరిశీలనశాల ఏర్పరచుకొని, మెరుగైన వర్ణపటదర్శినితో ఆ పట్టీలను చూశాడు. అవి సన్నని గీతల సమూహాలని, రోజంతా ఉంటూనే ఉంటాయని, సూర్యుడు నడినెత్తికి వచ్చేకొద్దీ పలచబడతాయని, పొద్దు వాలేకొద్దీ నల్లబడతాయని కనుగొన్నాడు. పొద్దు వాలినప్పుడు వెలుగు ఎక్కువ దూరం గాలిలో ప్రయాణం చేస్తుంది. కనుక ఆ గీతలు గాలి సంతకాలే. జాన్సెన్ వాటికి భూమికి చెందినవని అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఊహ చేయడంతో ఆయన తృప్తి చెందలేదు. 1864లో ఆల్ప్స్ పర్వతాలలోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కి చూశాడు. పైకి వెళ్లేకొద్దీ నెత్తిమీది గాలి తగ్గింది. గీతలు కూడా పలచబడ్డాయి. అంతటితో ఆగక సూర్యునితో సంబంధమే లేని పరీక్షకు పూనుకున్నాడు. జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అనే ఊరిలో దేవదారు కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించాడు. దగ్గర నుండి చూస్తే ఆ మంట వర్ణపటంలో ఆ గీతలు లేవు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న జెనీవా నుండి చూస్తే గీతలు ప్రత్యక్షమయ్యాయి. మధ్యనున్న గాలి తప్ప వాటికి వేరే కారణం లేదు.

గాలిలోని ఏ పదార్థం ఈ పని చేస్తున్నది? దీనిని తేల్చడానికి 1866లో పారిస్‌లోని ఒక గ్యాస్ కర్మాగారంలో 37 మీటర్ల పొడవు గల ఇనుప గొట్టాన్ని అమర్చి, దానినిండా నీటి ఆవిరిని నింపాడు. ఒక కొసన దీపాలు వెలిగించి రెండవ కొస నుండి చూశాడు. సూర్యాస్తమయ వేళ కనిపించే గీతలలో అనేకం ఆ గొట్టంలో కనిపించాయి. వాటిని వేసినది నీటి ఆవిరి. ఒక గొట్టంలో ఒక వాయువును నింపి, దాని గుండా కిరణాలను పంపి, అది ఎంత పీల్చుకున్నదో చూడటం అనే ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి. నూరేళ్ల తరువాత మానవుడు వాయుమండలానికి చేస్తున్న మార్పును బయటపెట్టినది ఇటువంటి పద్ధతే.

గుంటూరులో గ్రహణ పరిశీలన

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. దాని ఛాయ భారతదేశాన్ని పడమటి తీరం నుండి తూర్పు తీరం వరకు దాటి, కృష్ణానది ముఖద్వార ప్రాంతం మీదుగా సముద్రంలోకి సాగింది. నాడు గుంటూరు వేరే జిల్లా కాదు. 1859 నుండి 1904 వరకు అది మచిలీపట్నం ముఖ్యపట్టణంగా గల కృష్ణాజిల్లాలో భాగం. బెజవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి అప్పటికి పదమూడేళ్లు. కాలువల నీటితో డెల్టా భూములు మాగాణులవుతున్న కాలం. ఫ్రెంచి ప్రభుత్వం, అక్కడి విద్వత్పరిషత్తుల సాయంతో జాన్సెన్ ఓడలో మద్రాసుకు వచ్చి, అక్కడి నుండి ఈ ప్రాంతానికి చేరుకున్నాడు.

తీరంలో సముద్రపు ఆవిరి, పొగమంచు చూపును కప్పుతాయి. కొండలను మేఘాలు ఆవరిస్తాయి. రెంటికీ నడుమనున్న గుంటూరు ఆయనకు అనువైన చోటుగా తోచింది. అక్కడ నివసిస్తున్న ఒక ఫ్రెంచి వర్తకుని మేడ మీద తన దూరదర్శినులను, వర్ణపటదర్శినిని అమర్చాడు. అదే పట్టణంలో మేజర్ టెనెంట్ నాయకత్వాన మరొక బృందం విడిది చేసింది. మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలోను, ఆ శాలలోనే పనిచేసే భారతీయ ఖగోళవేత్త చింతామణి రఘునాథాచారి హైదరాబాదు సంస్థానంలోని వనపర్తిలోను నిలిచారు. ఒక్క గ్రహణం కోసం తెలుగునాట నాలుగు బృందాలు ఆకాశం వైపు యంత్రాలు ఎక్కుపెట్టి కూర్చున్నాయి.

అది వర్షకాలం. మబ్బు కమ్మితే నెలల ప్రయాణం, శ్రమ, ధనం అన్నీ వ్యర్థమే. అదృష్టవశాత్తు గుంటూరులో సమయానికి సూర్యుడు కనిపించాడు. చంద్రబింబం సూర్యుని పూర్తిగా కప్పిన తరువాత, దాని అంచు చుట్టూ ఎర్రని జ్వాలలు లేచినట్లు కనిపించాయి. ఇవి ఏమిటన్నది అప్పటికి తేలని ప్రశ్న. జాన్సెన్ తన యంత్రాన్ని వాటి మీదికి తిప్పాడు. నల్లని గీతలకు బదులు మిరుమిట్లు గొలిపే రంగు గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు మండుతున్న వాయురాశులని, వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్ అని స్పష్టమయింది.

చీకటి ఉన్నది అయిదు నిమిషాలకు పైచిలుకు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలోనే ఆయనకు మరొక ఆలోచన స్ఫురించింది. గీతలు ఇంత ప్రకాశవంతంగా ఉన్నప్పుడు గ్రహణం లేకుండా వీటిని ఎందుకు చూడకూడదు? ఆ రోజు మధ్యాహ్నం మబ్బులు అడ్డుపడ్డాయి. మరునాడు తెల్లవారగానే యంత్రం ముందు కూర్చున్నాడు. సూర్యబింబం అంచున అవే గీతలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. అంతవరకు ఏళ్ల తరబడి వేచి, దేశదేశాలు తిరిగి, కొద్ది నిమిషాలు మాత్రమే చూడగలిగిన దృశ్యం ఇక ప్రతిదినం చూడవచ్చు. తరువాత రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి ఆయన దినదినమూ ఆ జ్వాలల రూపాలను గుర్తించుకున్నాడు.

కీర్తిలో సమభాగం

ఈ వార్తను జాన్సెన్ సెప్టెంబరు 19న కాకినాడ నుండి లేఖ ద్వారా పారిస్‌కు తెలియజేశాడు. ఓడలో లేఖ సాగుతుండగా, భారతదేశానికి రాని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ అక్టోబరు 20న ఇంగ్లండులోనే గ్రహణం లేకుండా ఆ గీతలను చూడగలిగాడు. ఇద్దరి లేఖలూ అక్టోబరు 26న ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సమావేశంలో ఒకేరోజున చదవబడ్డాయి. ముందెవరు, వెనకెవరు అనే తగవు సహజంగా తలెత్తవలసిన సందర్భం అది. పరిషత్తు కీర్తిని ఇద్దరికీ సమానంగా పంచింది. 1872లో ఇద్దరి ముఖాలను ఒకే పతకం మీద ముద్రించి గౌరవించింది. తరువాతి కాలంలో ఆ ఇద్దరూ మిత్రులుగా మెలగడం వారి సంస్కారానికి నిదర్శనం.

హీలియం మూలకాన్ని గుంటూరులో కనుగొన్నారని లోకంలో ఒక వాడుక ఉంది. దీనిని కొంత వివరంగా గ్రహించాలి. ఆనాటి గ్రహణంలో పరిశీలకులకు ఒక పసుపుపచ్చని గీత కనిపించింది. సోడియం గీతకు అతి సమీపంలో ఉండటం వల్ల దానిని సోడియం గీతగానే భావించారు. అది సోడియం గీత కాదని కొలిచి చెప్పినవాడు లాకియర్. ఆ గీత భూమి మీద తెలిసిన ఏ పదార్థానికీ సరిపోకపోవడంతో సూర్యుని పేర హీలియం అనే మూలకం ఉందని ఆయన భావించాడు. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజం నుండి ఆ వాయువును వెలికి తీయడంతో సందేహం తొలగిపోయింది. గుంటూరులో, మచిలీపట్నంలో జరిగిన పరిశీలనలు ఆ కథకు తొలి అధ్యాయం.

ముట్టడి నుండి ఆకాశమార్గాన

1870లో ప్రష్యా సైన్యాలు పారిస్ నగరాన్ని ముట్టడించాయి. ఆ డిసెంబరు 22న ఆఫ్రికా ఉత్తర తీరంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనబడనుంది. నగరం నుండి బయటపడే దారి లేదు. డిసెంబరు 2న తెల్లవారుజామున జాన్సెన్ తన పరికరాలతో ఒక బెలూనులో ఎక్కి శత్రుసైన్యాల నెత్తిమీదుగా ఎగిరిపోయాడు. అయిదు గంటలకు పైగా ప్రయాణించి అట్లాంటిక్ తీర సమీపంలో దిగి, అక్కడి నుండి అల్జీరియాలోని ఓరాన్ పట్టణం చేరాడు. తీరా గ్రహణం నాడు మబ్బులు కమ్మాయి. ఏమీ కనిపించలేదు. ప్రాణానికి తెగించి చేసిన ప్రయాణం అలా ముగిసినా ఆయన చిన్నబోలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో మళ్లీ భారతదేశానికి వచ్చి, నీలగిరి కొండలపై మరొక గ్రహణాన్ని విజయవంతంగా పరిశీలించాడు. 1874లో జపానులోని నాగసాకి నుండి శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటే దృశ్యాన్ని, తాను రూపొందించిన వరుస ఛాయాచిత్ర యంత్రంతో పరిశీలించే ఏర్పాటు చేశాడు. చలనచిత్ర యంత్రానికి పూర్వరూపాలలో ఒకటిగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు.

తరువాత ప్రభుత్వం ఆయన కోరిక మేరకు పారిస్ సమీపంలోని మ్యుడాన్‌లో, యుద్ధంలో కాలిపోయిన రాజభవన శిథిలాల మధ్య, ఒక పరిశీలనశాలను నెలకొల్పింది. తుదిశ్వాస వరకు ఆయన దానికి అధిపతిగా ఉన్నాడు.

హిమశిఖరం మీద ఆక్సిజన్ పరీక్ష

నీటి ఆవిరి సంగతి తేలింది. ఆక్సిజన్ సంగతి మిగిలింది. సూర్యుని వర్ణపటంలో ఎరుపు వైపున గల కొన్ని బలమైన పట్టీలు ఆక్సిజన్ వల్ల ఏర్పడినవే. అయితే ఆ ఆక్సిజన్ సూర్యునిదా, మన గాలిదా? మ్యుడాన్‌లో పొడవైన గొట్టాలలో ఆక్సిజన్‌ను నొక్కి నింపి జాన్సెన్ దాని గీతలను అధ్యయనం చేశాడు. 1889లో పారిస్‌లో ఈఫిల్ స్తంభం వెలసింది. దాని మీది దీపం వెలుగును దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉన్న మ్యుడాన్ నుండి పరిశీలించాడు. మన నెత్తిమీది వాయుమండలాన్నంతా నేలమీది గాలి సాంద్రతకు కుదిస్తే దాని మందం ఇంచుమించు అంతే ఉంటుంది. స్తంభం దీపపు వెలుగులో ఆక్సిజన్ గీతలు నడినెత్తి సూర్యుని వెలుగులో ఉన్నట్లే కనిపించాయి.

తుది పరీక్ష కోసం ఆయన ఆల్ప్స్‌లో ఎత్తయిన మౌంట్ బ్లాంక్ శిఖరాన్ని ఎంచుకున్నాడు. దాని ఎత్తు 4,800 మీటర్లకు పైమాటే. అప్పటికి ఆయనకు అరవై దాటాయి, కాలు అవిటిది. 1888లో మూడువేల మీటర్ల ఎత్తు వరకు వెళ్లాడు. 1890లో మంచుబండి మీద కూర్చోగా సహాయకులు లాగుతుండగా శిఖరాన్ని చేరాడు. అక్కడే ఒక పరిశీలనశాల కట్టాలని సంకల్పించాడు. పునాదికి రాతి కోసం మంచులో సొరంగాలు తవ్వినా రాయి తగలలేదు. చివరకు గట్టిపడిన మంచు మీదనే కట్టడాన్ని నిలబెట్టారు. 1893 సెప్టెంబరులో, తన అరవై తొమ్మిదో ఏట, జాన్సెన్ ఆ శిఖరం మీద కొద్ది రోజులు గడిపి సూర్యుని పరిశీలించాడు. నేలమీద ఎంతో బలంగా ఉన్న ఆక్సిజన్ గీతలు అక్కడ పలచబడ్డాయి. ఆ తగ్గుదల లెక్క ప్రకారం వాయుమండలాన్ని పూర్తిగా దాటితే అవి అసలే ఉండవు. కనుక ఆ పట్టీలు సూర్యునివి కావు, మనం పీల్చే ప్రాణవాయువు ముద్రలు. సూర్యునిలోనూ ఆక్సిజన్ ఉన్నదని తరువాత వేరే గీతల ఆధారంగా తేలింది. అయినా జాన్సెన్ పరీక్షించిన పట్టీల విషయంలో ఆయన నిర్ణయం నేటికీ చెక్కుచెదరలేదు. మంచులో కుంగిపోతూ వచ్చిన ఆ పరిశీలనశాలను ఆయన మరణానంతరం, 1909లో విడిచిపెట్టవలసి వచ్చింది. కట్టడం నిలవలేదు, దానివల్ల తెలిసిన సత్యం నిలిచింది.

1907 డిసెంబరు 23న జాన్సెన్ మ్యుడాన్‌లో పరమపదించాడు. చంద్రుని మీద ఒక పెద్ద బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన చూపిన బాటలో

గాలిలో ఏముందో వెలుగును బట్టి తెలుసుకోవచ్చునని నిరూపించిన పిదప, అది ఎంత ఉందో కొలవడం తరువాతి తరం పని అయింది. 1896లో స్వీడన్ దేశీయుడు స్వాంటే అర్హీనియస్, బొగ్గు కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని లెక్కకట్టాడు. బొగ్గులో ప్రధానమైనది కార్బన్. అది కాలేటప్పుడు 12 పాళ్ల కార్బన్ 32 పాళ్ల ఆక్సిజన్‌తో కలిసి 44 పాళ్ల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. అనగా కాలిన కార్బన్ మాయం కావడం లేదు. మూడున్నర రెట్లకు మించిన బరువుతో గాలిలో చేరుతున్నది.

ఇది నిజంగా జరుగుతున్నదా? 1958లో చార్లెస్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవులలోని మౌనాలోవా పర్వతం మీద కొలతలు ఆరంభించాడు. గాలిని ఒక గొట్టంలోకి తీసుకొని, దాని గుండా పరారుణ కిరణాలను పంపి, ఎంత పీల్చుకోబడిందో చూడటం ఆయన పద్ధతి. పారిస్‌లో నీటి ఆవిరి గొట్టం ముందు కూర్చున్న జాన్సెన్ ఈ యంత్రాన్ని చూసి ఉంటే వెంటనే గుర్తుపట్టేవాడు. యంత్రయుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లున్న కార్బన్ డై ఆక్సైడ్ 1958 నాటికి 315 పాళ్లకు, 2024 నాటికి 420 పాళ్లకు పైగా పెరిగింది. గాలి వేడెక్కినప్పుడు అది పట్టి ఉంచగల నీటి ఆవిరి, ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి సుమారు ఏడు శాతం చొప్పున అధికమవుతుంది. జాన్సెన్ గుర్తించిన ఆ ఆవిరి తానూ వేడిని పట్టి ఉంచేదే కనుక తాపం మరింత పెరుగుతుంది. వానలు కురిసినప్పుడు కుంభవృష్టిగా కురుస్తాయి.

ఓజోన్ కథ కూడా ఇటువంటిదే. సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఎంతవరకు నేలకు చేరుతున్నాయో కొలిచి, పైనున్న ఓజోన్ పరిమాణాన్ని నిర్ణయిస్తారు. ఆ కొలతల వల్లనే 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర ప్రమాదకరంగా పలచబడిందని బయటపడింది. శీతల యంత్రాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు అందుకు కారణమని తేలింది. 1987లో ప్రపంచ దేశాలు మాంట్రియల్‌లో ఒడంబడిక చేసుకొని వాటి వాడకాన్ని క్రమంగా నిలిపివేశాయి. ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటున్నది. మానవుడు చేసిన కీడును మానవుడే గుర్తించి మాన్పుకోగలడనడానికి ఇది గొప్ప ఉదాహరణ.

కృష్ణా డెల్టా ఆకాశం

జాన్సెన్ చూసిన గుంటూరు ఆకాశం కింద నేడు జీవనం మారిపోయింది. విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలో 1979 నుండి బొగ్గుతో విద్యుత్తు ఉత్పత్తి అవుతున్నది. ఆ విద్యుత్తు ఇళ్లలో దీపాలు వెలిగించింది, మోటార్లు నడిపింది, పరిశ్రమలను నిలిపింది. దానితోపాటు బొగ్గు పొగ గాలిలో కలిసింది. నగర వీథులలో వాహనాలు వేల సంఖ్యలో పెరిగాయి. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలినప్పుడు కార్బన్ డై ఆక్సైడ్‌తోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా వెలువడతాయి. ఎండలో ఇవి ఇతర వాయువులతో కలిసి నేలమట్టాన ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆకాశంలో పైన రక్షకుడైన ఓజోన్, కింద ఊపిరితిత్తులకు శత్రువు.

వరిపొలం కూడా వాయుమండల రసాయనంలో పాల్గొంటుంది. నిండుగా నీరు నిలిచిన మడిలో బురదకు ఆక్సిజన్ అందదు. గాలి లేని ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. సమాన బరువులను పోల్చి చూస్తే, వందేళ్ల కాలంలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డై ఆక్సైడ్ కంటె ఇరవై అయిదు రెట్లకు మించినది. యంత్రయుగానికి ముందున్న దానికంటె నేడు గాలిలో మీథేన్ రెండున్నర రెట్లకు పైగా ఉంది. అన్నం పెట్టే మాగాణిని ఇందుకు నిందించడం న్యాయం కాదు. అయితే మడిని ఎల్లప్పుడూ నింపి ఉంచక, నీరు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టే ఆరుతడి పద్ధతి వల్ల మీథేన్ బాగా తగ్గుతుంది. నీరు కూడా ఆదా అవుతుంది. కోత అయిన తరువాత గడ్డిని తగలబెట్టడం మానితే పొగ తగ్గడమే కాక నేలకు సారం మిగులుతుంది.

ఈ మార్పులను నేడు ఉపగ్రహాలు కనిపెడుతున్నాయి. 2017లో ఐరోపా దేశాలు ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహం నేల నుండి తిరిగివచ్చే సూర్యకాంతిని వర్ణపటంగా విడదీసి, మీథేన్, నైట్రోజన్ డై ఆక్సైడ్, సల్ఫర్ డై ఆక్సైడ్, ఓజోన్ వంటి వాయువుల గీతలను చదువుతుంది. జాన్సెన్ గాలి కింద కూర్చుని పైనున్న సూర్యుని చూశాడు. ఉపగ్రహం గాలి పైనుండి కింద ఉన్న నేలను చూస్తున్నది. చదివే లిపి మాత్రం ఒక్కటే.

సముద్రమట్టానికి కొద్ది ఎత్తున మాత్రమే ఉన్న డెల్టా తీర గ్రామాలకు ఈ విజ్ఞానం ప్రాణావసరం. భూమి వేడెక్కితే సముద్రం పైకి జరుగుతుంది. ఉప్పునీరు పొలాలలోకి, బావులలోకి చొరబడుతుంది. కనిపించని గాలిలో జరిగే మార్పు కనిపించే నేలను కబళిస్తుంది. దానిని ముందుగా తెలుసుకోగలిగితే జాగ్రత్తపడవచ్చు.

అవిటి కాలితో శిఖరాలెక్కి, ముట్టడిలో ఉన్న నగరం నుండి ఆకాశమార్గాన బయటపడి, వేల మైళ్లు దాటి గుంటూరు మేడ మీద నిలిచిన జాన్సెన్ తన జీవితంతో ఒక సత్యాన్ని చాటాడు. ఊహ ఎంత బలమైనదైనా పరీక్షకు నిలవాలి. ఒక్క గీత ఎవరిదో తేల్చడానికి ఆయన మంట వేయించాడు, గొట్టం నింపాడు, స్తంభం దీపాన్ని చూశాడు, మంచుకొండ ఎక్కాడు. గాలి విషయంలో నేడు మానవుడు తీసుకోవలసిన నిర్ణయాలకు అటువంటి ఓర్పుతో కూడిన కొలతలే ఆధారం.

ప్రశ్నలు

1. వర్ణపటంలోని కొన్ని గీతలు భూమి వాయుమండలానివని జాన్సెన్ ఏ ప్రయోగాల ద్వారా నిరూపించాడు?
2. గుంటూరులో జాన్సెన్ చేసిన గ్రహణ పరిశీలనను వివరించండి.
3. హీలియం విషయంలో లోకంలోని వాడుకకు, వాస్తవానికి గల భేదమేమి?
4. జాన్సెన్ గొట్టానికి, కీలింగ్ కొలతలకు గల పోలికను తెలపండి.
5. మీ ప్రాంతంలో గాలి మార్పునకు కారణమయ్యే పనులను పేర్కొని, వాటిని తగ్గించే ఉపాయాలు రాయండి.